ఖాళీ బండికి పెద్ద టర్బో

మొయినాబాద్ రోడ్డు మీద పికప్ బండ్లు ఈల ఏసుకుంట, నల్ల పొగ ఇడుసుకుంట ఉరుకుతుంటే కొందరు ముక్కు మూసుకుంటరు. వాళ్లను చూస్తే నాకు జాలేస్తది. సుఖపడే రాత లేనోళ్లు! అభివృద్ధికి ఒక వాసన ఉంటది, ఒక చప్పుడు ఉంటది. రెండు కలిసి మీ ఇంటి ముందటికే వస్తుంటే దస్తీ అడ్డం పెట్టుకుంటరా? ఆ దస్తీ జర పక్కకు పెట్టి నేను చెప్పేది ఇనుండ్రి.

నేను సురంగల్‌ల ఉంట. చేన్ల ఇంత కూరగాయ పండిస్త, తీరిక దొరికినప్పుడు గీ పేపరుకు రాస్త. బండ్ల సంగతి నాకు పెద్దగ తెల్వదు. కని తెల్వని సంగతి మీద మస్తు ధైర్యంగ మాట్లాడొచ్చని టీవీల కూసున్నోళ్లను చూసి నేర్చుకున్న.

ముందుగాల టర్బో అంటే ఏందో చెప్త. ఇంజిన్ పక్కన నత్తగుల్ల తీరు ఒక ఇనుప డబ్బా ఉంటది. ఇంజిన్ పొగ పోయేటప్పుడు ఆ డబ్బాల ఉన్న చక్రాన్ని తిప్పుతది. ఆ చక్రం బయటి గాలిని ఇంజిన్‌లకు నెడ్తది. గాలి బాగ దొరికితే డీజిల్ మంచిగ మండుతది, బండి గట్టిగ గుంజుతది. అంతే. పికప్‌కు కంపెనీ ఇంజనీర్లు చిన్న టర్బో పెడ్తరు. చిన్న చక్రం జల్దిన తిరుగుతది కాబట్టి, మూటలు నింపుకొని మెల్లగ పోయేటప్పుడు, బురదల, ఎత్తుల అది అక్కరకొస్తది.

చూసిండ్రా, ఎంత చిన్నచూపో? రైతు బండి అంటే మూటలే మొయ్యాల్నా? మెల్లగనే పోవాల్నా? దానికి ఆశలుండయా?

ఈ అన్యాయం మీద మా ఊళ్లె మొట్టమొదటగ తిరగబడ్డది సాయి కిరణ్. మాజీ సర్పంచ్ మాణిక్యం కొడుకు. భూములున్న ఇల్లు, పలుకుబడి ఉన్న ఇల్లు. సాయి కిరణ్‌కు ఒక పికప్ ఉన్నది. మొన్నటిదాక ఊరంత దాన్ని పూలబండి అనేది. పొద్దు పొడిచే యాళ్లకు అది మా చేన్లల్లకు దిగేది. ఎవరి బంతి, ఎవరి చామంతి వాళ్లు మూట గట్టి, గుర్తుకు తమ పాత చీర పేలిక ఒకటి ముడేసి బండ్లె ఏసేటోళ్లు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌ల వేలంపాట మొదలయ్యే లోపల బండి అక్కడుండేది. కిరాయి పూలు అమ్మినంక ఇస్తే నడిచేది. గంత చప్పగ ఉండేది ఆ బండి బతుకు.

నా చేను పక్కనే జంగమ్మవ్వ చేను. ఆమెకు చామంతి తప్ప వేరే పంట లేదు. ఏడాదంత నీళ్లు పెట్టి, కలుపు తీసి, మందు కొట్టి ఆమె ఎదురుచూసేది ఒక్క పొద్దుగాల కోసం. సద్దుల బతుకమ్మకు ముందు రోజు. ఆ రోజు పట్నంల పూలకు ఉండే గిరాకి మళ్ల ఏడాదిదాక ఉండది. ఆ పొద్దుగాల మూటలు మార్కెట్‌కు చేరినయా, ఆమెకు ఏడాది గడుస్తది. చేరలేదా, ఇగ అంతే.

గిసువంటి చిన్న చిన్న సంగతులు పక్కకు పెడితే, పోయిన ఏడు మా పెద్ద సార్ చేవెళ్లకు వచ్చిండు. ఏ సార్ అని అడగకుండ్రి. సార్లందరు ఒక్క తీరుగనే వస్తరు. ముందట పెద్ద కార్లు, వాటెనుక చిన్న కార్లు, వాటెనుక జెండాలు కట్టిన పికప్‌లు. కాన్వాయ్‌ల ఎవరి బండి ఎక్కడున్నదో చూసి మా దిక్కు మనిషి విలువ కడ్తరు. పెండ్లి పిలుపులు గూడ ఆ లెక్కనే వస్తయి.

మొయినాబాద్ కాడ సాయి కిరణ్ బండి సార్ కారు ఎనుకనే బయలెల్లింది. చేవెళ్ల వచ్చేసరికి అన్నిటికన్న ఎనుక ఉన్నది. ఈయన బండి దిగి కండువా సర్దుకునేసరికి సార్ దండలేసుకొని, మాట్లాడి, ఫొటోలు దిగి వికారాబాద్ దిక్కు ఎల్లిపోయిండు. సాయి కిరణ్‌కు దొరికింది ఖాళీ కుర్చీలతోని ఒక ఫొటో. ఆ బాధ ఎంత పెద్దదో మీకేం తెలుసు? నాయకుని ఎనుక ఉరకలేని బండి కూడ ఒక బండేనా?

ఆ బాధతోనే ఆయన చేవెళ్లల ఒక షెడ్డుకు పోయిండు. అక్కడి మెకానిక్ ఏదో పెద్ద లారీది పాత టర్బో తెచ్చిండు. అది పికప్‌ల పట్టలే. పట్టకుంటె ఊకుంటడా? పైపు కోసిండు, వెల్డింగ్ పెట్టిండు, డీజిల్ ఎక్కువ పోయేటట్టు స్క్రూ తిప్పిండు. గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని బయటికి తీసిండ్రు. అది ఈల ఏసింది. షెడ్డు కాడున్నోళ్లంత చప్పట్లు కొట్టిండ్రు.

అప్పటి సంది మా ఊరికి కలిగిన లాభాలు ఒకటా రెండా?

మొదట ఓర్పు. పెద్ద టర్బో చక్రం తిరగనీకి టైం పడ్తది. యాక్సిలరేటర్ తొక్కంగనే బండి కదలదు. తొక్కిపట్టి కూసోవాలె. ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి బెంచి మీద కూసున్నట్టు కూసోవాలె. చాన సేపటికి ఒక్కసారిగ దుంకుతది, అప్పుడు దేవుడు యాదికొస్తడు. ఓర్పు, భక్తి రెండు ఒక్క పెడల్ కింద దొరుకుతున్నయి.

ఇగ చదువు. మా దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలకు తక్కువ లేదు. క్లాసుల పిల్లలు నిద్రపోతరని లెక్చరర్లు మొత్తుకుంటరు. ఈ ఈల ఇనపడంగనే క్లాసంత కిటికీల కాడ ఉంటది. ఇంజిన్ల మీద గింత ఆసక్తి పుట్టించిన ప్రొఫెసర్‌ను ఒక్కర్ని చూపియ్యుండ్రి.

ఆరోగ్యం సంగతి చెప్పనే అక్కర లేదు. మా పక్కన చిన్న మంగళారం ఊళ్లె ఉన్న ఫామ్‌హౌస్‌లకు శనివారం శనివారం వచ్చేటోళ్లు చెమట పట్టనీకి పైసలు కట్టి జిమ్ములల్ల చేరుతరట. మాకా ఖర్మ లేదు. పూల మూటలు నింపినంక పూలబండి ఎత్తు ఎక్కదు, మేమే నెడ్తం. ఆడోళ్లు, మొగోళ్లు అనే తేడా లేకుండ నెడ్తం. నా నడుము నొప్పి గూడ అప్పటి సంది మొదలైంది, లేకుంటె నాకు నడుము ఉన్నట్టే యాదికి లేకుండె.

తెల్ల చామంతి మీద మసి పడ్తున్నదని జంగమ్మవ్వ లొల్లి పెట్టింది. తెల్ల చామంతి ఎక్కడైన దొరుకుతది. నల్ల చామంతి సురంగల్‌ల తప్ప ఇంకెక్కడన్న దొరుకుతదా? కొత్త రకం పుట్టినప్పుడు సంతోషపడాలె. మార్కెట్‌ల వ్యాపారికి ఆ కొత్తదనం సమజ్ కాక మూట పక్కకు నూకిండంటె అది ఆయన తెలివితక్కువతనం.

"బిడ్డా, పాతదే మంచిగుండె కదా" అని ఆమె ఒకనాడు సాయి కిరణ్‌ను అడిగింది.

"అవ్వా, నీకు తెల్వది. ఇప్పుడు బండికి పవర్ డబుల్ అయింది" అన్నడు ఆయన.

అబద్ధం కాదు. పవర్ నిజంగనే పెరిగింది. మూటల్లేకుండ, సాపు రోడ్డు మీద, సార్ కారు ఎనుక పోయేటప్పుడు ఆ పవర్ చూడాలె మీరు.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు వచ్చింది. ముందటి దినం వాన కొట్టింది, చేన్లు మెత్తగున్నయి. పొద్దుగాలనే పూలబండి జంగమ్మవ్వ చేన్లకు దిగింది. ఆమె మూటలే ఎక్కువ ఉండె, మిగిలినోళ్లయి ఒకటో రెండో. బండి నిండింది. చేన్లకెల్లి రోడ్డు మీదికి చిన్న ఎత్తు ఉంటది. పాత టర్బోతోని ఆ బండి ఆ ఎత్తును గుర్తు గూడ పట్టకపోయేది.

సాయి కిరణ్ యాక్సిలరేటర్ తొక్కిండు. పొగ వచ్చింది. బండి కదలలే. ఇంకా తొక్కిండు, ఇంకా పొగ వచ్చింది. మేమంత ఎనుకకు పోయి నెట్టినం. ఎవరి మొఖం ఎవరికి కనపడ్తలేదు. లోపలి చక్రం తిరిగి తిరిగి ఆఖరికి టర్బో అందుకున్నది. ఈల ఏసింది. ఆ ఉన్న బలమంత ఒక్కసారి టైర్ల మీదికి వచ్చేసరికి అవి బురదల గిర్రున తిరిగి, ఉన్న కాడనే గుంత తవ్వుకొని దిగబడ్డయి. జంగమ్మవ్వ మోకాళ్లదాక బురదతోని బండి పక్కన నిలబడి సూర్యుని దిక్కు చూస్తున్నది. మార్కెట్‌ల పాట ఎవరి కోసం ఆగుతది?

అప్పుడే సాయి కిరణ్ ఫోన్ మోగింది. సార్ పొద్దుగాలనే వస్తున్నడు, మొయినాబాద్ కాడ బండ్లు లైన్ కడ్తున్నయి.

"అవ్వా, మూటలు దించుండ్రి. ఖాళీ అయితే ఎక్కుతది. మీద రోడ్డు కాడ మళ్ల ఏసుకుందం" అన్నడు.

దించినం. రాళ్లు, కట్టెలు టైర్ల కింద పెట్టినం. నెట్టినం. ఎక్కింది! చెప్పిన కదా, ఖాళీ బండికి ఆ టర్బోతోని ఎదురు లేదు. మేము మూటలు నెత్తిన పెట్టుకొని రోడ్డు మీదికి వచ్చినంక గూడ సాయి కిరణ్ స్టీరింగ్ కాడికెల్లి దిగలే. "గంటల వస్త అవ్వా, జర మొఖం చూపెట్టి వస్త" అన్నడు. ఈల ఏసుకుంట పోయిండు.

ఆ రోజు ఆయన బండి సార్ కారు ఎనుకనే చేవెళ్లదాక పోయింది. సార్ భుజం మీద చెయ్యేసిన ఫొటో దొరికింది. పెద్ద టర్బో వల్ల లాభం లేదనేటోళ్లకు ఆ ఫొటో చూపిస్త.

మేము రోడ్డు మీద వేరే బండి కోసం చూసినం. పండుగ ముందు రోజు ఆటోలు, ట్రాలీలు అన్ని ఎవరో ఒకరు మాట్లాడుకున్నయే. బస్సు ఆగింది, కని నిల్సోనీకే సందు లేదు, మూటలకేడిది? ఎండ ఎక్కింది. పూలు మూటల్ల ఉడికినట్టయితయి, తెలుసా మీకు? చెయ్యి పెడితే వేడి తగుల్తది. జంగమ్మవ్వ ఒక్కొక్క మూట విప్పుకుంట, చామంతులను రోడ్డు పక్కన చీర మీద ఆరబోసుకుంట కూసున్నది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం దాటినంక సాయి కిరణ్ వచ్చిండు. మాట తప్పే మనిషి కాదు. సాయంత్రం సభ కాడ సార్ మీద జేసీబీ బకెట్‌తోని పూలు చల్లాలట. వాడిపోనియి ఏరి, ఖాళీ మూటలల్ల నింపుకొని పోయిండు. మరునాడు పేపర్ల ఫొటో పడ్డది, సార్ నెత్తి మీద చామంతులు, కింద "పూల రైతుల అభిమానం" అని. కిరాయి గూడ తీసుకోలే, అంత మంచోడు.

ఇగ ఇప్పుడు మీరు అడుగుతరు, ఆ టర్బో తీసిపారేసి పాతది పెట్టాలె కదా అని. ఎందుకు? తప్పు టర్బోది కాదు. తప్పు మూటలది. బండికి సరిపోని మూటలుంటె ఏం తీసెయ్యాలె? మూటలే తీసెయ్యాలె. మా ఊరు ఆ పనే చేసింది. జంగమ్మవ్వ చామంతి పీకేసి, ఆ భూమిని ఫామ్‌హౌస్‌ల ముందట పరిచే గడ్డి పెంచేటోళ్లకు కౌలుకిచ్చింది. ఆ గడ్డిల కలుపు తీసే కూలి ఇప్పుడు ఆమెదే, ఆమె చేన్లనే. పూలబండి రాకుంటె చుట్టుపక్కలోళ్లు గూడ అదే దారి పట్టిండ్రు. గడ్డిని ఎత్తుకపోనీకి ఫామ్‌హౌసోళ్ల లారీలే వస్తయి. ఈ ఏడు బతుకమ్మకు మా సురంగల్ ఆడోళ్లు మొయినాబాద్ రోడ్డు మీద పూలు కొనుక్కొచ్చిండ్రు. సాయి కిరణ్ బండి హాయిగ, ఖాళీగ, ఎక్కడ ఆగకుండ ఉరుకుతున్నది.

నవ్వుకుంట రాద్దామనుకున్న గని నాకు కోపం వస్తున్నది. బరువు మోసేటోనికి బలం ఇయ్యరు. ఉన్న బలం గూడ గుంజుకొని, ఏం మొయ్యకుండ ఉరికేటోనికి పెడ్తరు. పైన ఈల.

పోయిన వారం సాయి కిరణ్ ఓట్ల కోసం వచ్చిండు. సర్పంచ్‌గ నిలబడుతున్నడు. జంగమ్మవ్వ గడ్డిల కూసొని కలుపు తీస్తున్నది, నేను గట్టు మీద ఉన్న. బండి రోడ్డు మీదనే ఆపి, చేన్లకు దిగి, ఆమె కాళ్లు మొక్కిండు.

"అవ్వా, ఈసారి గెలిపియ్యి. మన పూల రైతులకు ఫ్రీ బండి పెడ్త. పొద్దుగాల చేను కాడికే వస్తది, మార్కెట్ల దించుతది. ఒక్క పైస తీసుకోం."

జంగమ్మవ్వ కొడవలి కింద పెట్టి లేసి నిలబడ్డది.

"ఒక్క పూలచెట్టు చూపియ్యి బిడ్డా, ఓటు నీకే ఏస్త."

ఆయన నవ్వుకుంట చుట్టు తిరిగి చూసిండు. ఆమె చేను, నా కూరగాయల చేనుకు అవతలిది, దాని అవతలిది, రోడ్డుదాక అంత గడ్డే. కొద్దిసేపటికి నవ్వుడు ఆపి, ఇంకా చూస్తనే ఉన్నడు.