చేతులు జోడించిన స్ట్రైకర్

సొంతూరి క్లబ్బులో చేరిన సందర్భంగా వయసు ముదిరిన ఫుట్‌బాల్ స్ట్రైకర్ వాల్దెనీర్ చొక్కా మీది చిహ్నాన్ని ముద్దాడి, "చిన్నప్పటినుంచీ ఈ జెర్సీ వేసుకోవాలన్నదే నా కల" అని ప్రకటించాడు. ఈసారి అది నిజం కావడంతో ఎవరూ నమ్మలేదు. ఇదే మాట అతను రెసీఫెలో, ఇస్తాంబుల్‌లో, బ్యాంకాక్‌లో, ఎడారిలో ఒక షేకుగారి క్లబ్బులో కూడా అన్నాడు. ప్రతిచోటా కంటతడి పెట్టాడు.

మా ఆటలో ఒక మర్యాద ఉంది. పాత క్లబ్బు మీద గోల్ కొట్టినవాడు గంతులు వేయకూడదు. చేతులు జోడించి ఆ జనాన్ని క్షమించమనాలి. చిక్కేమిటంటే, బ్రెజిల్‌లో వాల్దెనీర్‌కు పాతది కాని క్లబ్బు దొరకడమే గగనమైపోయింది. గోల్ కొట్టినప్పుడల్లా శవం దగ్గర నిలబడ్డవాడిలా తల వంచుకునేవాడు.

భార్య ఇరసేమా పెళ్లయిన కొత్తలో రెండు ఊళ్లు తిరిగి, ఇక పెట్టె సర్దనని మా ఊళ్లోనే ఉండిపోయింది. టీవీలో అతన్ని చూసి, "అంత బాధైతే కొట్టడం మానెయ్యొచ్చుగా!" అనేది. అతని ఆఖరి మ్యాచ్‌కు మాత్రం వచ్చింది.

"గోల్ పడితే నీ దగ్గరికే పరిగెత్తుకొస్తా ఇరా. ఒక్కసారి నా నవ్వు మొహం చూద్దువుగాని" అని మాటిచ్చాడు.

ఆట మొదలయ్యేముందు కోచ్‌ను అడిగాడు. "ఈ అవతలివాళ్ల తరఫున నేనెప్పుడూ ఆడలేదు కదా?"

"ఆడేది నువ్వా, నేనా? నన్నడుగుతావేంట్రా!"

ఆఖర్లో గోల్ పడింది. ఊరంతా లేచింది. మైదానం కంచె దగ్గర ఇరసేమా చేతులు చాచింది. సగం దూరం పరిగెత్తాక అవతలివాళ్ల పచ్చ జెర్సీ అతని కంటపడింది. ఎక్కడో వేసుకున్నట్టే ఉంది! కృతఘ్నుడనిపించుకోవడం ఎందుకని, గిరుక్కున తిరిగి అవతలి జనానికి చేతులు జోడించాడు.

నిజానికి అతను ఆ క్లబ్బు గుమ్మం తొక్కలేదు. అయినా వాళ్ల అధ్యక్షుడు మైకు అందుకుని, "ఈ మహానుభావుడు మా ఇంటిబిడ్డ! ఆయన మమ్మల్ని మరవలేదు, మేమే ఆయన్ని మరిచాం!" అని గద్గదస్వరంతో ప్రసంగించాడు. వాల్దెనీర్‌కు కూడా అక్కడ ఆడిన రోజులు లీలగా గుర్తుకు రాసాగాయి. ఇవతల మొన్ననే పార్టీ మారిన మా మేయర్ విశ్వాసం అంటే ఏమిటో ఆవేశంగా వివరించాడు. మేము చప్పట్లు కొట్టాం, అతనికి మళ్లీ ఓటేసింది మేమే గనుక.

అంతా సద్దుమణిగాక వాల్దెనీర్ భార్య దగ్గరికి వెళ్లాడు. ఆమె చేతులు కట్టుకుని ఉంది.

"పొరపాటైంది ఇరా. మర్యాద కోసం..."

"నువ్వు వదిలేసి వెళ్లిపోయిన వాళ్లకేగా దండం పెట్టేది? మరి నాకెప్పుడైనా పెట్టావా?"

ఊరూరా జోడించిన ఆ చేతులు ఇప్పుడు పైకి లేవలేదు. ఇంట్లోవాళ్ల దగ్గర మర్యాదేమిటని మీరూ నేనూ మాత్రం అనుకోమా?