ఐర్లాండ్‌కి కుడి పక్కగా

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు లేచి, వీధి మేలుకోకముందే కారు తీసి, నటేశన్ నగర్ అంతా కుడి పక్కగా రెండుసార్లు చుట్టి, ఇంటికొచ్చి కాఫీ తాగాలి. బాలకృష్ణన్ అనుకున్నది ఇంతే.

ఆయన ప్రభుత్వంలో రోడ్ల ఇంజనీరుగా పనిచేసి కిందటేడు రిటైరయ్యాడు. ఇంకో ఇరవై ఆరు రోజుల్లో భార్య నిర్మలతో ఐర్లాండ్ వెళ్తున్నాడు. అక్కడ కారు అద్దెకు తీసుకుని పది రోజులు సముద్రం వెంబడి, పల్లెల మీదుగా తిరగాలని ఏర్పాటు. ఇది నిర్మల కోరిక. ఏడేళ్ళ కిందట పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్నప్పుడు గోడమీది క్యాలెండరులో ఆమె ఒక బొమ్మ చూసింది. రెండు రాతి గోడల మధ్య సన్నటి రోడ్డు, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గొర్రెలు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అయ్యేదాకా ఆ రోడ్డు మాట ఎవరితోనూ అనలేదు. అయ్యాక ఒక్కసారి అంది. బాలకృష్ణన్ మంచివాడు గనుక సరే అన్నాడు.

కుడి పక్క సంగతి ఆయన ఎవరినీ అడగలేదు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన మనిషికి విదేశమంటే ఫ్రాన్సే. ఆయన చిన్నాన్న కొడుకు శ్యామ్‌సుందర్ ముప్పై ఏళ్ళుగా అక్కడ ఉన్నాడు. వచ్చినప్పుడల్లా అక్కడి బండ్లన్నీ కుడి పక్కనే పోతాయని చెప్తాడు. ఐర్లాండ్ దానికి కాస్త పైన ఉంది. కాబట్టి అక్కడా అంతేనని ఆయన నిశ్చయించుకున్నాడు.

ప్రయాణం సంగతి మాత్రం బయట చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారు. నిర్మల చెల్లెలు జయంతి సింగపూర్ పోతున్నానని ఊరంతా చెప్పి, బయలుదేరే ముందురోజు మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. దిష్టి అని ఇంట్లో అందరూ తేల్చారు. అందుకని విమానం ఎక్కేదాకా నోరు మెదపకూడదు.

మొదటి వీధి బాగానే గడిచింది. రెండో మలుపులో పాలు పోసే ముని మోపెడ్ మీద ఎదురొచ్చాడు. అతను తన ఎడమ పక్కన వస్తున్నాడు, కారు తన కుడి పక్కన వస్తోంది. అంటే ఇద్దరిదీ ఒకే పక్క. ఇద్దరూ మర్యాదస్తులు కావడంతో ఇద్దరూ ఒకేసారి పక్కకు జరిగారు, మళ్ళీ ఒకేసారి వెనక్కి జరిగారు. చివరికి మోపెడ్ ఒక ఇంటి ముందరి ముగ్గులో ఆగింది. క్యాన్ మూత ఊడి పాలు ముగ్గు మీద ఒలికాయి.

"ఏంది సార్, ఈ పక్కన వస్తా వుండారు?" అన్నాడు ముని.

బాలకృష్ణన్‌కి జయంతి కాలు గుర్తొచ్చింది. "కారణం వుండాది మునీ. ఇప్పుడు చెప్పకూడదు" అన్నాడు.

ముని ఆ వీధుల్లో నలభై ఇళ్ళకు పాలు పోస్తాడు. నిన్న రాను పోను ఉన్న వీధి ఇవాళ ఒకవైపు దారి కావడం పుదుచ్చేరిలో కొత్త కాదు. పైగా చెప్పింది రోడ్ల ఇంజనీరు. ఎనిమిది గంటలకల్లా కాలనీ సంఘం కార్యదర్శి వీరాసామి గేటు దగ్గరికి వచ్చి, రోడ్డు పక్క మార్చే ఆర్డరు నిజమేనా అని గొంతు తగ్గించి అడిగాడు. తానేమీ చెప్పలేనని బాలకృష్ణన్ అన్నాడు. వీరాసామి తల ఊపాడు. ఆయనా ప్రభుత్వంలో హెడ్‌క్లర్కుగా చేసినవాడే. చెప్పలేనంటే అర్థం ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రం సంఘం నల్లబల్ల మీద, కాలనీవాళ్ళు ముందుగానే కుడి పక్కకు అలవాటుపడితే మంచిదని తమిళంలో రాసి, కింద సంతకం పెట్టాడు.

బాలకృష్ణన్ ఆ బల్ల చూడలేదు. కారు అద్దం మీద కుడికి చూపే ఎర్ర బాణం అంటించుకుని రోజూ సాధన చేస్తున్నాడు. నిర్మల పక్క సీట్లో అద్దెకారు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. రెండోరోజు ఆమెకు ఒక అనుమానం వచ్చింది.

"ఇదో, ఈ కాగితంలో కారు బొమ్మ వుండాది గదా..."

"నువ్వు రోడ్డు చూడు. బొమ్మలు తర్వాత చూడొచ్చు" అన్నాడు ఆయన.

ఆ వారంలో ఆమె ఇంకో రెండుసార్లు ఆ మాట మొదలుపెట్టింది. రెండుసార్లూ రోడ్డే చూడాల్సి వచ్చింది. రోడ్డులో చూడవలసినవి కూడా ఎక్కువయ్యాయి. ఎదురొచ్చే బండ్లలో కొన్ని చక్కగా కుడి పక్కనే వస్తున్నాయి. తాను వాళ్ళకు దారి ఇవ్వకుండానే పనులు సాఫీగా జరుగుతుంటే, తన చెయ్యి తిరిగిందని బాలకృష్ణన్ సంతోషించాడు.

ఎనిమిదో రోజు పొద్దున నల్లబల్ల చదివినవాళ్ళు కుడి పక్క నుంచి, చదవనివాళ్ళు ఎడమ పక్క నుంచి ఒకే మలుపులో కలుసుకున్నారు. పిల్లలను బడికి తీసుకుపోయే ఆటో, నీళ్ళ ట్యాంకరు, ముని మోపెడ్, వాటి మధ్యలో ఎర్ర బాణం కారు. ఎవరూ ఎవరినీ గుద్దలేదు. ఎవరూ కదలనూ లేదు. ముప్పావుగంట తర్వాత ట్రాఫిక్ కానిస్టేబుల్ శిలంబరసన్ వచ్చి, దీన్ని మొదలుపెట్టింది ఎవరని తమిళంలో అడిగాడు. అందరూ కారు వైపు చూశారు.

ఇక దాచి లాభం లేదు. తాను ఐర్లాండ్ పోతున్నాననీ, అక్కడ కుడి పక్కన నడపాలి గనుక నేర్చుకుంటున్నాననీ బాలకృష్ణన్ చెప్పాడు. ఎదురింటి మంగళం కిటికీలోంచి, "ఐర్లాండ్‌కా? మాకు ఒక్క మాట చెప్పలేదే నిర్మలా" అంది.

శిలంబరసన్ ఆయన లైసెన్సూ, అద్దెకారు కాగితాలూ తీసుకుని చూశాడు. తర్వాత ఫోనులో ఏదో వెతికాడు. ఐర్లాండ్‌లో కూడా మనలాగే ఎడమ పక్కనే నడపాలని చెప్పి, కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

బాలకృష్ణన్ నిర్మల వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

"మూడు తూర్లు చెప్పబోయినా. బొమ్మలో స్టీరింగు మన కారు మాదిరే కుడి పక్కన వుండాది."

శిలంబరసన్ కాగితాలు ఇచ్చాడు గానీ లైసెన్సు ఇవ్వలేదు. అది రవాణా ఆఫీసుకు పోయింది. మూడు నెలలు బండి నడపకూడదని అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. ప్రయాణానికి ఇంకా పద్నాలుగు రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం బాలకృష్ణన్ చాలాసేపు మాట్లాడాడు. కారు లేకపోయినా డబ్లిన్ నగరం చూడొచ్చనీ, అక్కడ పెద్ద చర్చీలు ఉన్నాయనీ, ఆ పల్లె రోడ్డు ఎక్కడికీ పోదు గనుక ఇంకో ఏడాది చూసుకోవచ్చనీ చెప్పాడు. నిర్మల అంతా విని లోపలికి పోయి, బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. పద్నాలుగేళ్ళ కిందట మొదటి కారు కొన్నప్పుడు, కోసపాళయంలోని డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని, పరీక్ష మొదటిసారే పాసై తీసుకున్న లైసెన్సు. అది ఇన్నాళ్ళూ బ్యాంకులో ఫొటో చూపించడానికి పనికొచ్చింది.

"నువ్వు బండి నడిపి ఎన్నేండ్లాయె?" అన్నాడు ఆయన.

"మీరు ఇస్తే గదా."

మర్నాటి నుంచి ఆమె పొద్దున్నే ఊరి బయట పిళ్ళైచావడి దాకా నడిపింది. చేపల బుట్టలు, కాలేజీ బస్సులు, అడ్డంపడే మేకలు అన్నిటినీ దాటి పోయి వచ్చింది. ఆయన ఎడమ సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కుతూ, "ఎడమ, ఎడమ" అంటూ వచ్చాడు. ఆమె మొదటినుంచీ ఎడమ పక్కనే ఉంది. వారం రోజులు కుడి పక్కన తిరిగిన మనిషికి ఆ సంగతి నమ్మడానికి మూడు రోజులు పట్టింది.

ఐర్లాండ్‌లో ఆరోరోజున ఆ రోడ్డు దొరికింది. అదేనో, దానిలాంటి ఇంకొకటో. రాతి గోడలు అద్దాలకు తగిలేంత దగ్గరగా ఉన్నాయి. ఒక పక్క సముద్రం ఉంది. గొర్రెలు మాత్రం క్యాలెండరులోలా పక్కన నిలబడకుండా రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నాయి. నిర్మల ఇంజను ఆపేసింది. గోడకు దగ్గరగా పోతున్నావని పొద్దుటినుంచీ చెబుతున్న బాలకృష్ణన్ ఆఖరి గొర్రె దాటేదాకా వాటినే చూశాడు.

ఆమె తాళం తిప్పబోతుంటే, "వుండనీ. ఇంకొంచేపు చూడు" అన్నాడు.

తిరిగొచ్చిన మర్నాడు కూరగాయలకని నిర్మలే కారు తీసింది. మలుపులో వీరాసామి స్కూటరు మీద, కుడి పక్కగా, ఎదురొచ్చి ఆగాడు. అదంతా పొరపాటని ఆరోజు కానిస్టేబుల్ అందరి ముందూ చెప్పాడు కదా అని ఆమె గుర్తుచేసింది. అది నోటిమాట అనీ, రద్దు చేసినట్టు కాగితం ఇంకా రాలేదనీ చెప్పి, ఆమె కారు వెనక్కి తీసేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.