తలుపు ఉద్యోగం

ఒక పెద్ద అడవిలో చాలాకాలం జైలు లేకుండానే దొంగతనాలు జరిగిపోయేవి. ఎవరిది తింటే వాళ్ళకి తిరిగి తెచ్చి ఇచ్చేవారు. మధ్యలో రెండు తన్నులు తినేవారు. సాయంత్రానికి అందరూ ఒకే వాగులో నీళ్ళు తాగేవారు. ఇది అనాగరికమని మంత్రి నక్క కనిపెట్టింది.

సరిగ్గా అప్పుడే కుందేలు, అడవిపంది దాచుకున్న చిలగడదుంపలు రెండు తినేసింది.

“ఆరు నెలలు జైలు,” అని నక్క సింహం చెవిలో చెప్పింది. రాజుగారు అదే గట్టిగా చెప్పారు. ఆయన పాలన ఎప్పుడూ అంతే.

“మరి నా దుంపలు?” అంది పంది.

“అది నీ సొంత గొడవ. నేరం జరిగింది రాజ్యానికి,” అంది నక్క. “అన్నట్టు, ఖైదీకి రోజూ రెండు దుంపలు నువ్వే పంపాలి. ఈ అడవిలో దుంపలున్నది నీ దగ్గరేనట.”

జైలుకి కొండగుహ కుదిరింది. తలుపు చెయ్యడం మాత్రం ఎవరికీ రాదు. గుహ మూతికి సరిగ్గా సరిపోయే ఒళ్ళు ఎలుగుబంటిది. దాన్ని అడ్డంగా కూర్చోబెట్టి, ఇది ఉద్యోగం అన్నారు. మా ఆయనది సర్కారు కొలువని దాని పెళ్ళాం వాగు పొడుగునా చెప్పుకుంది. ఎవరు కాదంటారు?

మూడు నెలలు గడిచాయి. వాగు అవతల ఇప్పపూలు రాలడం మొదలైంది. ఏడాదికి ఇరవై రోజులే రాలతాయి. ఎలుగుబంటి మిగతా ఏడాదంతా బతికేది ఆ ఇరవై రోజుల కోసమే. వాసన గుహదాకా వస్తోంది. కదిలితే తోలు తీస్తానని రాజుగారు ముందే సెలవిచ్చారు.

“ఒరే అల్లుడూ, పారిపోరా. కునుకు పట్టిందని చెప్పుకుంటాను,” అంది ఎలుగుబంటి.

“తప్పు మామా,” అంది లోపల చల్లగా పడుకున్న కుందేలు. “శిక్ష పూర్తిచేసుకుని పరువుగా పోతాను. ఇంకెంత, మూడు నెలలు. నీకెన్నాళ్ళు పడింది?”



మర్నాడు నక్క తనిఖీకి వచ్చింది.

“అయ్యా, నాకు విడుదల ఎప్పుడు?” అని అడిగింది ఎలుగుబంటి.

“విడుదలేమిటి? నువ్వేమైనా నేరం చేశావా?”

ఎలుగుబంటి కాసేపు ఆలోచించి, నక్క చెంప ఛెళ్ళుమనిపించింది.

అధికారిని కొట్టినందుకు పది రోజులు జైలు అని నక్క రాజుగారి చెవిలో మూలిగింది. రాజుగారు అదే గట్టిగా చెప్పారు. ఎలుగుబంటి లోపలికి నడిచింది.

“ఆ మూల నాది మామా,” అంది కుందేలు. “నేను సీనియర్ని.”

“మరి తలుపేదీ?” అన్నారు రాజుగారు, చెవిలో ఎవరూ చెప్పకుండానే. నక్కని అడ్డంగా పడుకోబెట్టి చూశారు. నిడివి చాలలేదు. అందుకని ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఉండమన్నారు.

పదకొండో రోజున ఎలుగుబంటి ఇప్పచెట్టు కింద ఉంది. గడువు తీరాక కుందేలు కూడా, కాస్త ఒళ్ళు చేసి, ఇంటికి పోయింది. ఖైదీ లేకపోయినా జైలు జైలే కనుక నక్క ఇంకా నడుస్తోంది. ఎవరినైనా కొట్టి లోపలికి పోదామంటే, చేతికందేంత దగ్గరికి వచ్చేది తనిఖీ అధికారి ఒక్కరే. ఆ అధికారి తనే.

పంది మాత్రం అప్పుడప్పుడూ వచ్చి, దూరంగా నిలబడి, తన రెండు దుంపల సంగతి అడుగుతుంటుంది.

నీతి ఏమిటంటారా? జైలుకి పోక తప్పకపోతే ఖైదీగానే పోవాలి, ఉద్యోగం మీద పోకూడదు.