బాత్రూంలో బీరు

ఆ శనివారం పొద్దున శశికాంత్ పెట్టుకున్న పని చాలా చిన్నది. దోసెలు తినగానే బాత్రూంలో ఉన్న బీరు సీసాల్లో ఒకటి తెరిచి రుచి చూడాలి. బాగుంటే సాయంత్రంలోగా ఆఫీసు వాళ్ల గుమ్మాల ముందు ఒక్కో సీసా పెట్టి రావాలి.

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో రెండో లాక్‌డౌన్ నడుస్తోంది. బార్లు మూసేశారు. ఒక వీడియో మీటింగులో మేనేజర్ మార్కుస్ ఇంట్లో తానే చేసిన బ్రెడ్డు చూపిస్తే, శశికాంత్ ఊరుకోలేక, "నేను బీరు చేస్తున్నా" అనేశాడు. అప్పటికి పులియబెట్టే బకెట్ కూడా కొనలేదు. జర్మన్లకు బీరు పోస్తానన్న వరంగల్ మనిషికి ఇక వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

పులియడం పూర్తిగా ఆగాకే సీసాల్లో పోయాలనీ, ఆ తర్వాత కూడా వారాల తరబడి కదపకూడదనీ తెప్పించుకున్న బీరు తయారీ కిట్ మీద రాసే ఉంది. శశికాంత్ బుడగలు వస్తుండగానే పోసేశాడు. రోజుకొకటి తెరిచి చూశాడు. చప్పగా ఉందని సీసాకో చెంచా చక్కెర ఎక్కువేసి, అన్నిటినీ స్నానాల టబ్‌లో నిలబెట్టి, పక్కనున్న హీటర్ చివరికంటా తిప్పాడు.

"ఇడ్లీ పిండినైతే రాత్రంతా ముట్టుకోరు. దీన్ని కూడా అలా వదిలేయొచ్చుగా," అంది భార్య ఊర్మిళ, దోసె తిరగేస్తూ. ఆమెది కాకినాడ.

"వెచ్చగుంటే జల్దీ అయితది. నువ్వు చూస్తుండు."

చూసే అవసరం రాలేదు. బాత్రూంలో ఢామ్మని మోగింది. వెనకే ఇంకోటి. తలుపు కిందనుంచి నురగ మెల్లగా హాల్లోకి వచ్చింది. ఆరేళ్ల కూతురు ఈషా చప్పట్లు కొట్టింది. శశికాంత్ చలికోటు తొడిగి, సైకిల్ హెల్మెట్ పెట్టుకుని, బట్టల బుట్ట మూత డాలులా పట్టుకున్నాడు. ఊర్మిళ కోటు తోక పట్టి వెనక్కి లాగింది.

"బీరు పోతే పోయింది. మీ కళ్లు పోతే నేనేం చేసుకోను?"

కింద వాటాలో ఉండేది ఇంటి ఓనరమ్మ ఫ్రావ్ ఫోగెల్. బయటివాళ్లు ఒక్కరికి మించి ఇంటికి రాకూడని రోజులవి. పైన సీసాలు పేలుతున్నాయి, నవ్వులు వినిపిస్తున్నాయి, మెట్ల మీద బీరు వాసన. పెద్ద పార్టీ జరుగుతోందనుకుని ఆవిడ పోలీసులకు ఫోన్ చేసింది.

మాస్కులు పెట్టుకుని ఇద్దరు పోలీసులొచ్చారు. ముందుకొచ్చిన ఈషాను, నురగ కారుతున్న తలుపు చూపిస్తూ వాళ్లలో పెద్దాయన అడిగాడు.

"బాత్రూంలో ఎంతమంది ఉన్నారమ్మా?"

జర్మన్‌లో మనుషులకైనా సీసాలకైనా ఆ ప్రశ్న ఒకటే. "ఇరవై," అంది ఈషా జర్మన్‌లోనే. "ఇద్దరు పేలిపోయారు. మిగతావాళ్లు కూడా పేలతారని పాపా అంటున్నాడు."

"దయచేసి తలుపు తీయకండి," అన్నాడు శశికాంత్, హెల్మెట్ లోంచి. ఆ మాటతో పోలీసాయన తలుపు తీశాడు. మూడో సీసా ఆయన కోసమే ఆగినట్టు పేలింది.

మాస్కు అంచు నుంచి నురగ కారుతుండగా ఆయన తలుపు మూసి, "హీటర్ ఆపండి," అని మాత్రం అన్నాడు. జరిమానా రాయలేదు. ఏ నేరం కింద రాయాలో తెలియక కావచ్చు.

సిగ్గుపడుతూ పైకొచ్చిన ఫ్రావ్ ఫోగెల్ విషయం విని నవ్వలేదు. చనిపోయిన ఆవిడ భర్త కూడా ఇంట్లోనే బీరు చేసేవాడట. బాత్రూం చల్లబడ్డాక, కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు పెట్టుకుని ఒక్కో మూత కొద్దికొద్దిగా వదులు చేసి గాలి పోనిచ్చింది. తర్వాత మిగిలినవన్నీ కింద సెల్లార్‌లో పెట్టించి తాళం వేసుకుంది.

"ఈస్టర్‌కి రండి," అంది.

"ఒక్కటి ఇవ్వండి, ఊరికే చూస్త," అని శశికాంత్ చాలాసార్లు దిగి వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ కేకు ముక్క పెట్టి పంపింది. ఆఫీసులో అడిగిన వాళ్లకు "ఇంకా ఊరుతోంది" అని చెప్పడం అతనికి మెల్లగా అలవాటైంది.

ఈస్టర్ ముందు రోజు తాళం తీసింది. బంగారం రంగు, చిక్కటి నురగ. శశికాంత్ తను తాగకుండానే ముందు అందరి గుమ్మాల ముందూ పెట్టి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే మార్కుస్ ఫోన్ చేసి, ఇంత మంచి బీరు ఈమధ్య తాగలేదన్నాడు. శశికాంత్ వెంటనే ఒక సీసా తెరిచి గుక్కెడు తాగాడు.

"నీళ్ల లెక్కుంది," అన్నాడు, బిత్తరపోయి. ఊర్మిళ ఇంగువ డబ్బా తెచ్చి ముక్కు కింద పెట్టింది. దాని వాసన కూడా తెలియడం లేదన్నాడు. మధ్యాహ్నానికి కరోనా టెస్టు పాజిటివ్ వచ్చింది.

పడగ్గదిలో పడుకున్న అతను ఇన్నాళ్లు ఆగింది ఇందుకా అనుకుంటుంటే, తలుపు అవతల ఊర్మిళ కుర్చీ వేసుకుంది. ఆమె ఏనాడూ బీరు ముట్టలేదు.

"నేను తాగి చెప్తాను, వినండి. ముందు కాస్త చేదు... ఆ తర్వాత కాల్చిన బ్రెడ్డు అంచులా... చివర్లో తేనెలాంటిది ఏదో ఉందండీ."

"ఇంకేముంది? మంచిగ చెప్పు," అన్నాడు శశికాంత్, కళ్లు మూసుకుని.

మంచిగా చెప్పాలంటే రెండో సీసా తెరవాలంది ఊర్మిళ.