చప్పుడు చేయొద్దు

“ఈసారి గూడ గా తల్లెలుక పిల్లల్ని తినేస్తే నీ రెండేండ్ల కష్టం ఏంగావాలె బిడ్డా?” అంది అండాలు, కూతురికి చాయ్ అందిస్తూ.

“పొద్దుపొద్దున్నే గా మాటేందమ్మా!” అంది అనూహ్య. ఆమెకూ అదే భయం.

నల్గొండ బయట ఒక పరిశోధన కేంద్రంలో ఆమె ఉద్యోగం. ఒంట్లో కాపలా కాసే కణాల మీద గ్రాహకం అని ఒకటుంటుంది; రోగం వచ్చిన కబురు దానికి తగిలితేనే కణం లేచి కదులుతుంది. ఆ గ్రాహకం ఉన్న కణాలు సూక్ష్మదర్శిని కింద పచ్చగా మెరిసే ఎలుకలను పుట్టించాలని ఆమె రెండేళ్లుగా పాట్లు పడుతోంది. పై అంతస్తులో డ్రిల్లింగ్ మోతకు బెదిరి తల్లెలుక రెండు కాన్పుల పిల్లల్నీ తినేసింది. పని నాలుగు రోజులు ఆపించమని డైరెక్టర్ శ్రీశైలంకు మూడు అర్జీలు పెట్టింది. జవాబు లేదు. నిన్న మళ్లీ అయిదు పుట్టాయి.

ఇంట్లో కూర్చుంటే గుండె ఆగేలా ఉందని అండాలు కూడా నకిరేకల్‌లో కూతురితో బస్సెక్కింది.

“నిన్ను ఎలుకల గదిలకు రానియ్యరు. గీ తలుపు కాడ కూసో. చప్పుడు గాకుంట చూడు. నువ్వు గూడ మాట్లాడకు,” అని చెప్పి, మాస్కు కట్టుకుని అనూహ్య లోపలికి పోయింది.

అయిదు నిమిషాలకే పైన డ్రిల్లు మోగింది. అండాలు పరుగున మెట్లెక్కింది. మాట్లాడొద్దు కదా, నోటి మీద వేలు పెట్టి, చేతులు జోడించింది. కళ్ల నిండా నీళ్లు. పనిచేస్తున్న వెంకన్న మెషిన్ ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, ఆమె వెనకే దిగి వచ్చి తలుపు ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఎలుకల దాణా బస్తా మోసుకొస్తున్న ఖాసిం అది చూసి బస్తా దించాడు.

“ఎవరే పోయింది?” అన్నాడు గుసగుసగా.

“తెల్వది. లోపలోళ్లెవరో,” అన్నాడు వెంకన్న.

“అయ్యో! నిన్ననే చూసిన. మంచిగనే ఉండె.”

ఆఫీసు వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఫోన్లు ఆపేశారు. ఎవరో పూలదండకు మనిషిని పంపారు. డైరెక్టరు వచ్చేసరికి వరండాలో ఇరవై తలలు వంగి ఉన్నాయి. తన కేంద్రంలో ఎవరు పోయారో తనకే తెలియదని ఎట్లా చెప్పుకుంటాడు? చెప్పులు విడిచి ఆయనా తల వంచాడు. రెండు నిమిషాల మౌనం ఇరవై నిమిషాలైంది. సారు కదిలితే కదులుదామని వాళ్లు, వాళ్లు కదిలితే కదులుదామని సారు.

చివరికి ఉండబట్టలేక ఆయన అండాలు పక్కకు జరిగాడు. “ఎంతమందమ్మా?”

అండాలు అయిదు వేళ్లు చూపించింది.

డైరెక్టరు గోడ పట్టుకున్నాడు. ఇంకో నాలుగు దండలకు ఇంకో మనిషి పోయాడు.

దండలు అయిదూ వచ్చిన కాసేపటికి తలుపు తెరుచుకుంది. అనూహ్య బయటికొచ్చి, ఇంతమందిని చూసి ఆగిపోయింది.

“చెప్పు బిడ్డా,” అంది అండాలు. “ఒక్కటన్న మిగిలిందా?”

“యా అల్లా!” అన్నాడు ఖాసిం.

“అయిదింటికి అయిదున్నయే అమ్మా! తల్లి దగ్గరికి తీసుకుంది. పిల్లల కడుపులల్ల తాగిన పాలు తెల్లగ కనబడుతున్నయ్,” అంది అనూహ్య. ఆనందంలో డైరెక్టరు వైపు తిరిగింది. “చానా థాంక్స్ సార్, నా అర్జీ చూసి డ్రిల్లింగ్ ఆపిచ్చిండ్రు. మరి... గీ దండలేంది సార్?”

శ్రీశైలం వెంకన్నను చూశాడు. ఖాసింను చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. చివరికి దండల వైపు చూశాడు.

“పురుడు గదమ్మా,” అన్నాడు. “ఒట్టి చేతులతోటి వస్తమా?”