పై పళ్లు లేని సంత

పొద్దున ఏడింటికే ఉదయ్ కిరణ్ మెడకు టై బిగించాడు. వనపర్తిలో పళ్ల శుభ్రత నేర్పే కోర్సుకు ఆయన డైరెక్టరు. అలాంటి డైరెక్టర్లకే పెట్టిన నాయకత్వ శిక్షణలో మూడు రోజులు కూర్చుని, రోజూ బిర్యానీ తిని, ఒక్క ముక్క వంటబట్టించుకొచ్చాడు: నాయకుడు ‘తెలియదు’ అనడు. ఈరోజే పరీక్ష. శిక్షకుడు మధు వచ్చి చూస్తాడు. జనం మధ్య దంత శిబిరం నడిపి మెప్పిస్తే కుర్చీ నిలుస్తుంది. లేదంటే సీనియర్ టీచర్ ఆఫియాకు పోతుంది.

శిబిరానికి ఆయన ఎంచుకున్న చోటు పెబ్బేరు పశువుల సంత.

“సార్, గక్కడ పండ్లు చూసేది మనుషులయి కాదు,” అంది ఆఫియా.

“జనం ఉంటరా లేదా? లీడర్ ఎవరు మేడం, మీరా నేనా?”

బల్ల, మైకు పెట్టుకుని తెల్లకోటుతో కూర్చున్నాడో లేదో, పెద్దమందడి చిన్నయ్య తన కోడెను లాక్కొచ్చాడు. వెంట దాన్ని కొనవచ్చిన శాంతయ్య. పళ్లను బట్టి కట్టే వయసు దగ్గర బేరం తెగడం లేదు.

“సారూ, నువ్వు పండ్ల డాక్టరంట గద. నాలుగు పండ్ల కోడె అని నేనంటున్న, ఈయన నమ్ముతలేడు. జర నువ్వు చెప్పు.”

గొడుగు కింద కూర్చుని మధు చూస్తున్నాడు. నాయకుడు తెలియదనడు. ఉదయ్ కిరణ్ టార్చి వేసి కోడె నోట్లోకి తొంగిచూసి అదిరిపడ్డాడు. “పైన ముందుపండ్లు ఒక్కటి లేదు! అన్నీ ఊడిపోయినయి!”

శాంతయ్యకు నిజం తెలుసు. బేరం అంతకన్నా బాగా తెలుసు. “డాక్టరే చెప్పిండు, ఇగ సగం ధరకియ్యి,” అన్నాడు. అది చూసి మిగతా బేరగాళ్లూ తలా ఒక ఎద్దును తోలుకొచ్చారు. పదకొండు నోళ్లు తెరిపించాడు. పదకొండింటికీ పైన ముందుపళ్లు లేవు. ఉదయ్ కిరణ్ గబగబా లేచాడు. మైకు అందుకున్నాడు.

“అంటురోగం! సంత బంద్! ఎవరూ పశువును కదిలియ్యొద్దు!”

సంత ఆగిపోయింది. మరుక్షణం అమ్మేవాళ్లు చేతికర్రలతో బల్ల చుట్టూ మూగారు. “ఏంది సారూ, మా పొట్ట కొడ్తవా?”

ఆఫియా మైకు లాక్కుంది. “అన్నా, జర ఆగుండ్రి. సార్, ఎడ్లకు పైన ముందుపండ్లు పుట్టుకతోనే ఉండవు. మా అబ్బాజాన్ ఈ సంతల్నే ముప్పై ఏండ్లు బేరాలు చేసిండు.” కోడె కింది పెదవి వంచి చూపింది. “పాలపండ్లు ఊడి మొలిచినయి నాలుగు పండ్లే. చిన్నయ్య చెప్పింది నిజం.”

“ఓ సారూ, మా కోళ్లకు గూడ పండ్లు ఊడినయి, జర చూస్తవా?” అని ఎవరో అరిచారు. సంత పగలబడి నవ్వింది. ఉదయ్ కిరణ్ టై వదులు చేసుకున్నాడు. కుర్చీ పోయినట్టే.

మధు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. “ఒక్క మాటతో సంత మొత్తం ఆపేశారు సార్! ఇరవై ఏళ్లలో ఇంత నాయకత్వం చూడలేదు. వచ్చే నెల మిగతా డైరెక్టర్లకు మీరే పాఠం చెప్పాలి.” ఆఫియా పేరు ఎదురుగా మాత్రం ఇలా రాసుకున్నాడు: తెలిసింది చెప్పే అలవాటుంది, నాయకత్వానికి పనికిరాదు.

ఆ రోజు పెబ్బేరు సంతలో తన పళ్లు ఎవరూ చూడకుండానే కుర్చీ బేరం కుదిరింది డైరెక్టరుగారికి ఒక్కరికే.