సెలవుల కోసం విడాకులు

ఇదానియా వంటింటి బల్ల మీద రేషన్ బియ్యం పరిచి రాళ్ళు ఏరుతోంది. గింజల్ని వేలితో ఒక పక్కకీ, మట్టిబెడ్డల్ని ఇంకో పక్కకీ నెడుతూ ఉండగా భర్త అర్సేనియో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సెలవు రోజున అతను పొద్దున్నే గడ్డం గీసుకున్నాడంటే ఏదో ఆలోచన వచ్చిందని అర్థం. ఇదానియా తల ఎత్తలేదు.

"మనం విడాకులు తీసుకుందాం," అన్నాడు అర్సేనియో.

"అలాగే. ముందు ఆ గిన్నె ఇటు జరుపు."

"వేళాకోళం కాదు. ఏప్రిల్‌లో బడికి వారం సెలవులు. పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్తానని మాటిచ్చానా లేదా?"

"ఇచ్చావు. ఏటా ఇస్తూనే ఉన్నావు."

అందులో అబద్ధం లేదు. వాళ్ళుండే సాంతా క్లారా ఊరికి సముద్రం దూరమేమీ కాదు, కానీ అక్కడ నాలుగు రోజులు తలదాచుకునే చోటే అందుబాటు ధరలో దొరకదు. చవక కుటీరాల కోసం అర్సేనియో తెల్లవారకముందే వెళ్ళి వరుసలో నిలబడతాడు, అతని వంతు వచ్చేసరికి కిటికీ మూసేస్తారు. కిందటేడు మాత్రం పట్టుదలగా వెతికి, ఒడ్డుకి దగ్గర్లో ఒక గది సంపాదించాడు. అది ఎండుచేపల కొట్టానికి వెనకాల గది. తిరిగొచ్చాక వారంపాటు పిల్లలు బడికి వెళ్తుంటే వీధిలో పిల్లులన్నీ వెంట నడిచాయి.

"ఇప్పుడు విను," అన్నాడు అర్సేనియో, బల్ల మీదికి వంగి. "కొత్తగా పెళ్ళి చేసుకునేవాళ్ళకి ప్రభుత్వం ఏమిస్తుంది? కేకు, బీరు పెట్టెలు, సముద్రం ఒడ్డు హోటల్లో కోటా ధరకి మూడు రాత్రులు. మనం విడిపోతాం, వెంటనే మళ్ళీ పెళ్ళాడతాం. పిల్లల్ని పెళ్ళికొచ్చిన చుట్టాలని చెప్పి గదిలోకి తీసుకుపోదాం."

"రెండోసారి చేసుకున్నా ఇస్తారా?"

"ప్రేమకి కోటా ఒక్కసారేనని చట్టంలో ఎక్కడా లేదు."

ఇదానియా చెయ్యి బియ్యం మీద ఆగిపోయింది. వాళ్ళ మొదటి పెళ్ళికి కూడా ఆ మూడు రాత్రులు వచ్చాయి. అర్సేనియో వాటిని తన పై అధికారికి ఇచ్చేసి, బదులుగా ఫ్రిజ్ మోటారు తెచ్చుకున్నాడు. మోటారు ఏడాది తిరక్కుండానే కాలిపోయింది. కిటికీ తెరిస్తే సముద్రం కనబడే గదిలో ఒక్కసారైనా నిద్ర లేవాలన్న కోరిక మాత్రం ఇదానియాకి అలాగే ఉండిపోయింది. దాన్ని ఆమె ఎవరితోనూ అనలేదు, మోటారు సంగతి వచ్చినప్పుడల్లా గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది.

"ఎప్పుడు వెళ్దాం?" అంది.

మంగళవారం ఇద్దరూ నోటరీ దగ్గరికి వెళ్ళారు. దారిలో కొన్న వేరుసెనగ పొట్లం ఒక్కటే, ఇద్దరూ అందులోంచే తింటూ లోపలికి అడుగుపెట్టారు. నోటరీ పెద్దాయన. విసనకర్రతో విసురుకుంటూ కాగితాలు చూశాడు, తర్వాత వాళ్ళని చూశాడు. ఇదానియా అప్పుడే అర్సేనియో చొక్కా కాలరు సర్దుతోంది.

"నాకు కారణం అక్కర్లేదు, ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. కానీ ఇంత చక్కగా ఉన్నారు కదా, ఏమొచ్చిందమ్మా?" అన్నాడు.

జవాబు సిద్ధం చేసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

"ఇంకో ఆడమనిషి ఉందండీ," అనేశాడు అర్సేనియో.

విసనకర్ర ఆగింది. మూలన టైపు కొడుతున్న అమ్మాయి వేళ్ళు ఆగాయి. ఇదానియా నోట్లో వేరుసెనగ గింజ నమలడం ఆపింది.

"ఎవరది?" అంది ఇదానియా.

ఆ ఒక్క ప్రశ్నతో నోటరీకి ఉన్న అనుమానాలన్నీ తీరిపోయాయి. సంతకాలు పెట్టించి, ఇదానియాకి మంచినీళ్ళు తెప్పించాడు. అర్సేనియోకి తెప్పించలేదు.

"ఎవరా మనిషి?" అంది ఇదానియా బయటికి రాగానే.

"ఎవరూ లేరు! ఏదో నమ్మకంగా ఉంటుందని అన్నాను."

"మా ఇద్దరికీ పడటం లేదంటే సరిపోయేది కదా?"

"పడుతోంది కదా మనకి. నోరు రాలేదు."

టైపు అమ్మాయి ఎదురింటి కూకాకి మేనకోడలని వాళ్ళకి ఇంటికి చేరాక తెలిసింది. కూకా గుమ్మంలోనే ఇదానియాని కావలించుకుంది. ఆవిడ చేతులకి ఉల్లిపాయ వాసన.

"ఏడ్చేయ్ తల్లీ, ఏడ్చేయ్. కడుపులో పెట్టుకోకు," అంది. ఇదానియాకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయ వల్ల. కూకా అర్సేనియో వైపు తిరిగింది. "నువ్వు కాళ్ళు తుడుచుకుని లోపలికి రా. ఇక ఇది నీ ఇల్లు కాదు."

సాయంత్రానికి గుర్రపు బండిలో ఇదానియా తల్లి ఎడెల్మీరా దిగింది. బట్టల మూటతో పాటు ఊగే కుర్చీ కూడా తెచ్చుకుంది. అంటే ఇప్పట్లో వెళ్ళదని.

"పెళ్ళినాడే చెప్పాను, ఈయన చెవులు చూడవే అని. ఆ చెవులున్నవాళ్ళు ఇంట్లో నిలవరు."

"అత్తయ్యా, చెవులకీ దానికీ ఏం సంబంధం?"

"అత్తయ్య ఎవరు నాయనా? ఆ చుట్టరికం ఇవాళ్టితో పోయింది."

నిజం చెప్పేద్దామంటే వీల్లేదు. ఎడెల్మీరాకి చెబితే కూకాకి తెలుస్తుంది, కూకాకి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది, కోటా పోతుంది. కాబట్టి ఎడెల్మీరా మంచం మీద అర్సేనియో చోట్లో పడుకుంది. అర్సేనియో పెరట్లో బట్టలుతికే తొట్టి పక్కన చాప వేసుకున్నాడు. పదేళ్ళ కూతురు యైమారాకి మాత్రం రహస్యం చెప్పక తప్పలేదు. ఆ పిల్ల బడికి కాస్త తల వంచుకుని వెళ్ళి, స్నేహితురాళ్ళ దగ్గర రెండు చాక్లెట్లు, ఒక రబ్బరూ సంపాదించుకుని వచ్చింది.

మర్నాడు ఇద్దరూ వేరు వేరు దారుల్లో, ప్రభుత్వం పెళ్ళిళ్ళు జరిపించే భవనానికి చేరారు. అక్కడ గుమాస్తా ఆవిడ పెద్ద పుస్తకం తిరగేసింది.

"జూన్ చివర్లో ఖాళీ ఉంది."

"అంత ఆగలేమండీ, మాకు తొందర," అన్నాడు అర్సేనియో.

ఆవిడ ఇదానియా పొట్ట వైపు చూసింది.

"ఆ తొందర కాదండీ," అంది ఇదానియా. "ఏప్రిల్‌లో బడి సెలవులు."

"పెళ్ళికీ బడికీ ఏం సంబంధం?"

"పిల్లలకి సెలవులు కదా."

"ఎవరి పిల్లలకి?"

"మా ఇద్దరి పిల్లలకి."

గుమాస్తా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పేర్లు రాసుకోమంటారా, వద్దా?"

జూన్‌కే రాయించుకున్నారు. ఏప్రిల్‌లో వాళ్ళకి హోటలూ లేదు, సముద్రమూ లేదు, ఇంకా చెప్పాలంటే మొగుడూ పెళ్ళామూ లేరు.

ఈలోగా ఆ ఇంకో ఆడమనిషి ఎవరన్నది వీధిలో తేలిపోయింది. అర్సేనియో రేడియోలు బాగుచేస్తాడు. మూల ఇంట్లో ఉండే వితంతువు నెరెయిదా రేడియో బాగుచెయ్యడానికి ఆ నెలలో ఎన్నోసార్లు వెళ్ళాడు. రేడియో ముసలిది కాబట్టి వెళ్ళాడు. కానీ వీధికి రేడియో వయసు తెలియదు. శుక్రవారం నెరెయిదా పెదవులకి రంగు వేసుకుని, పాలూ గుడ్లతో చేసిన జున్నులాంటి మిఠాయి గిన్నెలో పెట్టుకుని వచ్చింది.

"అందరూ అంటుంటే ఏమో అనుకున్నాను, అర్సేనియో," అంది సిగ్గుపడుతూ. "మనసులో ఉన్నది నాకు ముందే చెప్పాల్సింది కదా, రేడియో పాడైందని నేనెన్నిసార్లు అబద్ధమాడాను!"

తలుపు దగ్గరున్న ఎడెల్మీరా గిన్నె అందుకుని, నెరెయిదా మొహం మీద తలుపు వేసింది. మిఠాయి చేసిన పాపమేముందని అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టింది. ఇదానియా పెరట్లోకి వెళ్ళి అర్సేనియో ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పాడవని రేడియోని అన్నిసార్లు ఏం బాగుచేశావు?"

"వెళ్ళేసరికి పనిచేస్తూనే ఉండేది. నా చెయ్యి తగలగానే బాగుపడుతోందనుకున్నాను," అన్నాడు అర్సేనియో. అది నిజం. ఇన్నేళ్ళ కాపురంలో అతని తెలివి ఎంతో ఇదానియాకి తెలుసు కాబట్టి నమ్మింది.

ఇదానియా పనిచేసేది బడి పిల్లల యూనిఫారాలు కుట్టే కర్మాగారంలో. సోమవారం అక్కడ కార్మిక సంఘం సమావేశం. సంఘానికి సముద్రం ఒడ్డున రెండు ఇళ్ళున్నాయి. ఒకటి కార్యదర్శి సెనైదాకి. రెండోది ఏప్రిల్ సెలవుల్లో ఎవరికివ్వాలో చేతులెత్తి తేలుస్తారు. ఏటా అది స్టోరు చూసే రోహెలియోకే వెళ్తుంది, ఎందుకంటే చేతులు లెక్కపెట్టేది అతనే.

సెనైదా లేచి నిలబడింది. మాట్లాడితే కిటికీ రెక్కలు అదిరే మనిషి.

"కామ్రేడ్స్! ఎవరెన్ని చొక్కాలు కుట్టారని ఏటా చూస్తున్నాం. ఈసారి ఎవరి మనసు చిరిగిందో చూద్దాం. ఇద్దరు పిల్లలతో ఒంటరైన మన ఇదానియా..."

ఇదానియా గబుక్కున లేచింది. "ఆగండి, ఆగండి. నాకు ఇవ్వకండి. మీరు అనుకుంటున్నట్టు ఏమీ జరగలేదు. అర్సేనియో మంచివాడు."

గదిలో ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు.

"విన్నారా!" అంది సెనైదా గద్గదంగా. "ఇంత జరిగినా ఇంకా ఆ మనిషిని వెనకేసుకొస్తోంది!"

చేతులన్నీ లేచాయి. పక్కన కూర్చున్న భార్య గిల్లడంతో రోహెలియో చెయ్యి కూడా లేచింది.

"ఒక్కటే షరతు," అంది సెనైదా. "ఆ మనిషి ఆ గడప తొక్కకూడదు. పక్కిల్లు నాదే. కాపలా నేను కాస్తాను."

ఇదానియా నిజం చెప్పడానికి మళ్ళీ నోరు తెరిచింది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ ఇంట్లో కిటికీలోంచి సముద్రం కనబడుతుందా?"

"కిటికీ దాకా ఎందుకమ్మా, మంచం మీంచే కనబడుతుంది."

ఇదానియా నెమ్మదిగా కూర్చుంది. ఆ తర్వాత ఆమె నిజం చెప్పే ప్రయత్నమేదీ చెయ్యలేదు.

అర్సేనియో తొట్టి దగ్గర సాక్సులు ఉతుక్కుంటూ ఈ సంగతి విన్నాడు. ఎగిరి గంతేశాడు.

"చూశావా! నా పథకం పారిందా లేదా? హోటలు మూడు రాత్రులే, ఇది వారం!"

"పారింది. కానీ నువ్వు రాకూడదట."

గంతు మధ్యలో ఆగింది. "నేను రాకూడదా? ఎందుకు?"

"తప్పు చేశావుగా."

"ఏం తప్పు చేశాను?"

"నన్నడిగితే? నోటరీ దగ్గర చెప్పింది నువ్వే."

అర్సేనియో తడి సాక్సు చేత్తో పట్టుకుని ఆలోచించాడు. "అయితే నిజం చెప్పేద్దాం."

"చెప్పు. ఇప్పుడే వెళ్ళి కూకాకి చెప్పు. ఇల్లు రోహెలియోకి పోతుంది, నేను అబద్ధాలకోరుననిపించుకుంటాను, పిల్లలు ఎండుచేపల కొట్టానికి పోతారు."

లోపల యైమారా ఈత గుడ్డలు వేసుకుని, నడుముకి గాలి ట్యూబు తగిలించుకుని అద్దం ముందు తిరుగుతోంది. తమ్ముడు నేల మీద బోర్లా పడి ఈదుతున్నాడు. అర్సేనియో వాళ్ళని చాలాసేపు చూశాడు.

"ఇంట్లో మంచాలెన్ని?" అన్నాడు చివరికి.

"నాలుగు."

"మనకి సరిగ్గా నాలుగు! నాలుగోది ఖాళీగా పోతుంది కదా పాపం."

"పోదు. అమ్మ వస్తోంది."

సెలవుల మొదటి రోజు పొద్దున కర్మాగారం బస్సు వచ్చి గుమ్మం ముందు ఆగింది. సెనైదా ముందు సీట్లో చేతులు కట్టుకుని కూర్చుని, తెరిచి ఉన్న తలుపులోంచి ఇంట్లోకే చూస్తోంది. వీధంతా అరుగుల మీదికి వచ్చింది. ఎడెల్మీరా తన ఊగే కుర్చీని దగ్గరుండి బస్సు మీదికి ఎక్కించింది. నాన్నని ముద్దు పెట్టుకోకూడదని ముందే చెప్పారు కాబట్టి యైమారా పొడి కళ్ళు గట్టిగా తుడుచుకుంటూ, తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళి బస్సెక్కింది.

ఇంట్లో ఇదానియా ఒక్కతే మిగిలింది, గడ్డి టోపీ చేత్తో పట్టుకుని. అర్సేనియో తెల్లవారుజామునే లేచి గుడ్డట్టు వేసి, రొట్టెల మధ్య పెట్టి, కాగితంలో చుట్టాడు. ఆ పొట్లం పట్టుకుని తలుపు చాటున నిలబడ్డాడు.

"దారిలో పిల్లలకి ఆకలేస్తుంది," అన్నాడు గుసగుసగా. ఆమె తీసుకుంది.

"ఇదానియా, జూన్‌లో పెళ్ళిళ్ళ భవనానికి వస్తావుగా?"

ఆమె టోపీ పెట్టుకుంది.

"సరదాకైనా అవునని ఒక్క మాట చెప్పు. నెరెయిదా పొద్దున మళ్ళీ రేడియో పట్టుకుని ఇటే వస్తూ కనబడింది. నాకు భయంగా ఉంది."

బస్సులోంచి సెనైదా మెడ చాచింది. ఇదానియా అర్సేనియోని కొత్త పెళ్ళికొడుకుని చూసినట్టు కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. పెదవుల చివర ఏదో కదిలింది, అది నవ్వో కాదో అతనికి తెలియలేదు. పొట్లం చంకలో పెట్టుకుని, పెట్టె అందుకుని, ఒక్క మాటైనా అనకుండా గడప దాటి వెళ్ళిపోయింది.

వీధి వీధంతా ఆమె గుండెనిబ్బరాన్ని మెచ్చుకుంది.